ఎదురింటి ఒక్కపొద్దు

ఈ ఏడాది మా నలభై రోజుల ఉపవాసాలూ, ఎదురింటి వాళ్ళ నెల ఒక్కపొద్దులూ ఒకే వారంలో మొదలయ్యాయి. మేం క్రిస్టియన్లం. వాళ్ళు ముస్లింలు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, రోజాను ఒక్కపొద్దనే అంటారు, పరుపులు కుట్టి బతుకుతారు. అద్దంకి అవతల మా పల్లెలో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నదల్లా ఒక సిమెంటు రోడ్డు, ఒక మురుక్కాలవ. ఆ ఇంటి పెద్దావిడను పిన్నీ అని పిలుస్తాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మా అమ్మతో కలిసి కూలికెళ్ళిన మనిషి.

నేను మా ఊరి ఆశా కార్యకర్తను. కడుపుతో ఉన్నవాళ్ళను నెలనెలా చూడటం, బిళ్ళలివ్వడం, నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం నా పని. పిన్ని కోడలికి అప్పుడు ఎనిమిదో నెల. ఇరవై రెండేళ్ళ పిల్ల. పుట్టింట్లో ఉండగా తొలి కడుపు ఆరో నెలలో పోయింది. ఈసారి పుట్టింటికి పంపేది లేదంది పిన్ని. "ఎదురుగుండా మా ఆశా అమ్మాయుంది. ఎప్పుడు కేకేసినా పలుకుద్ది. ఇంకెక్కడికో ఎందుకంట?" అని ఊరంతా చెప్పుకుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక అంగుళం పొడవు పెరిగినట్టుండేది. అబద్ధమెందుకు?

ఒక్కపొద్దులు రేపనగా ఆ పిల్ల కార్డు పట్టుకుని మా ఇంటికొచ్చింది. బరువు చూశాను, బీపీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. లేవబోతూ ఆగింది.

"అక్కా, నేను ఒక్కపొద్దులు ఉండొచ్చా? అత్తమ్మ వద్దంటంది."

"ఎందుకొద్దంట?"

"కడుపుతో ఉన్నోళ్ళకి అక్కర్లేదంట, తర్వాత తీర్చుకోవచ్చంట. నాకేమో ఉండాలనుందక్కా. పోయినసారి బిడ్డ నిలవలేదు గదా. ఈ బిడ్డ నిలబడితే చాలు, నెలంతా ఉంటానని అల్లాకి మొక్కుకున్నా. మరియం వాళ్ళమ్మ కూడా కడుపులో బిడ్డుండగానే మొక్కుకుందంట."

నాకు నవ్వొచ్చింది. సండే స్కూలు పాఠాలు చెప్పినదాన్ని కదా! "మరియమ్మ వాళ్ళమ్మ కాదే పిచ్చిమొహమా. ఆ మొక్కు మొక్కింది హన్నా, సమూయేలు తల్లి. మీకెవరో ఎవరి కథో ఎవరికో అంటగట్టి చెప్పారు" అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వాళ్ళ గ్రంథంలో ఆ కథ అలాగే ఉందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందన్న అనుమానం కూడా రాలేదు.

చిన్నబోయిన ఆ మొహం చూసి మనసొప్పక ఊరడించబోయాను. ఆ ఊరడింపే ఇంత పని చేసింది. "ఉండవే, ఏం కాదు. మీ అత్తకి అన్నీ భయాలే. నేను ఇద్దరు పిల్లల్నీ కడుపులో పెట్టుకుని ఉపవాసాలున్నా. బంగారంలాంటి పిల్లలు పుట్టారు. దేవుడి కోసం చేసేదానికి దేవుడు అడ్డం పడతాడా?" అన్నాను. ఆ పిల్ల ఎంత సంతోషంగా వెళ్ళిందో చెప్పలేను.

నా ఉపవాసం సంగతి చెప్పాలి. పొద్దున టిఫిను మానేస్తాను, మధ్యాహ్నం అన్నం మానేస్తాను. మంచినీళ్ళు తాగుతాను. మరీ కళ్ళు తిరిగితే నిమ్మకాయ నీళ్ళు తాగుతాను. నాలుగింటికి ప్రార్థన అయ్యాక చర్చిలోనే జావ పోస్తారు. మా పాస్టరమ్మ గారిదీ ఇదే పద్ధతి. ముస్లింలు ఉమ్మి కూడా మింగరని నేను విననిదాన్నేం కాదు. అది మసీదుకెళ్ళే మగవాళ్ళ సంగతి అనుకున్నాను. ఆడవాళ్ళు నీళ్ళు తాగుతారని నా నమ్మకం. ఎవరో చెబితే నమ్మలేదు, నా కళ్ళతో చూశాను. నాకు పదమూడేళ్ళప్పుడు క్రిస్మస్ సెలవుల్లో అమ్మతో మిరపకోతకి వెళ్ళాను. అవి ఒక్కపొద్దుల రోజులు. మసీదు మైకు చేలోకి వినిపిస్తోంది. పిన్ని గట్టు మీద కూర్చుని చెంబెత్తి గటగటా నీళ్ళు తాగింది. ఆ చెంబు నాకు ఇన్నేళ్ళూ గుర్తుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడు కావస్తోంది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఊరంతా ఒకటే ఘాటు. చర్చికి బయల్దేరుతూ ఎదురింట్లోకి తొంగిచూశాను. ఆ పిల్ల మొగుడు మిర్చి లోడుతో గుంటూరు యార్డుకి పోయాడు. పిల్ల వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముందర చాట నిండా మిరపకాయలు, తొడిమలు తీయడం మధ్యలో ఆగిపోయినట్టుంది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. కళ్ళు లోపలికి పోయాయి.

"ఏమే, అట్టా ఉన్నావేంటి?"

"ఏం లేదక్కా. కళ్ళు తిరుగుతున్నయ్."

"బిడ్డ కదులుతుందా?"

కాసేపు ఆలోచించింది. "పొద్దున్నుంచి కదల్లేదక్కా. నిద్రపోతందేమో."

పొద్దున్నుంచి! సంచిలోంచి బాటిలు తీసి మూత ఊడబెరికి దాని నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పేసుకుంది.

"ఒక్కపొద్దు గదక్కా."

"నీళ్ళకేమైందే? తాగు!"

"నీళ్ళు తాగితే ఒక్కపొద్దెట్టవుద్దక్కా?" అంది, చిన్నపిల్లకి చెప్పినట్టు.

పదకొండు రోజులు! తెల్లారకముందు తిన్న తిండి, తాగిన నీళ్ళు తప్ప ఈ ఎండలో, ఈ ఘాటులో ఆ పిల్ల గొంతులో చుక్క పడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలి గదిలో పిన్ని కొత్త పరుపు అంచు కుడుతోంది. గడప దాటకుండానే అరిచాను.

"నువ్వు మనిషివేనా పిన్నీ? నిండు కడుపుతో ఉన్న పిల్లకి నీళ్ళు కూడా లేకుండా చేస్తారా? మీ మతం తగలెయ్యా! మీ దేవుడికి జాలే లేదా?"

ఈ మాటలు నేనన్నవే. తగ్గించి రాయడం లేదు.

పిన్ని దబ్బనం పట్టుకునే బయటికొచ్చింది. ముందు నన్ను చూసింది, తర్వాత కోడల్ని చూసింది. "ఏందే నువ్వనేది? పది రోజుల్నుంచి నేను మొత్తుకుంటన్నా. ఉండమాకే తల్లీ, కడుపుతో ఉన్నదానికి మనలో మాఫీ ఉందే అని. వింటేనా! ఆశా అక్క ఉండమంది, ఆశా అక్క ఉండమంది అని నా నోరు మూయించింది. గవర్నమెంటు మనిషివి, చదువుకున్నదానివి. నాకేం తెలుసు, నీకు తెలిసే చెప్పుంటావని ఊరుకున్నా. నువ్వు గదంటే ఉండమంది?"

"నీళ్ళు తాక్కుండా ఉండమన్నానా?"

"నీళ్ళు తాగి ఉండేది మీ ఉపాసం. మాది కాదు."

"నువ్వు తాగలా? మిరపకోతలప్పుడు గట్టు మీద కూర్చుని చెంబెత్తి తాగావు. నేను చూశా!"

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "అప్పుడు నా చంకలో నాలుగు నెలల పిల్లోడున్నాడే! వీడే, దీని మొగుడే. పాలిచ్చే తల్లికి ఒక్కపొద్దెక్కడిదే పిచ్చిదానా?"

తుమ్మచెట్టుకి కట్టిన చీర ఉయ్యాల కూడా నాకు గుర్తుంది. దాన్ని ఊపింది కూడా నేనే. చెంబునీ ఉయ్యాలనీ కలిపి ఆలోచించే బుద్ధి పాతికేళ్ళుగా నాకు లేకపోయింది. ఎదురెదురుగా బతుకుతున్నాం కాబట్టి అంతా తెలుసనుకున్నాను.

పోట్లాడుకునే టైం కాదది. ఇద్దరం పిల్ల పక్కన చేరాం. తాగమంటే అది గోడకి ఆనుకునే తల అడ్డంగా ఊపుతోంది. "ఇంకెంతసేపు? ఆరుంబావుకి వదిలేస్తాగా. ఇప్పుడు తాగితే మొక్కు తప్పినట్టే. పోయినసారి లాగా అయిద్ది" అంటుంది, ఏడుస్తుంది. ఏడుపొస్తోంది గానీ కంట్లో నీళ్ళు రావడం లేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఆ కడుపు మీద చెయ్యి పెట్టాను. రాయిలా ఉంది. ఏమీ తగల్లేదు.

"మరియమ్మను చూడవే" అన్నాను, నాకు తోచింది అదే. "కడుపుతో ఉండి చుట్టాలింటికి, ఎలీసబెతమ్మ దగ్గరికి పోయి, మూడు నెలలు తిని కూర్చుంది. ఆమె ఏమన్నా మాడిందా?"

"అదంతా ఎందుకే" అని పిన్ని అడ్డమొచ్చింది. "నొప్పులొచ్చి ఖర్జూరపు చెట్టు మొదట్లో కూలబడిందా, అప్పుడు అల్లా ఆమెను పస్తుండమన్నాడా? కాళ్ళ దగ్గర నీళ్ళు పుట్టించాడు. చెట్టు ఊపి పళ్ళు తినమన్నాడు, నీళ్ళు తాగమన్నాడు."

సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ నిమిషంలో కూడా నా నోరు ఊరుకోలేదు. "ఖర్జూరపు చెట్టేంటి పిన్నీ? పశువుల పాకలో గదా కన్నది!"

"ఏ పాకే? ఊరికి దూరంగా, ఒక్కతే."

"ఒక్కతే ఏంటి? పక్కన యోసేపు లేడూ?"

"యోసేపెవడు?"

"ఆమె మొగుడు."

"మరియానికి మొగుడేందే! నోరు కడుక్కో ముందు!" పిన్ని చెంపలేసుకుంది. "ఒక పక్క ముగ్గురు దేవుళ్ళంటారు, అందులో ఆమెని కూడా కలిపి మొక్కుతారంట. మళ్ళీ ఆమెకి మొగుణ్ణి కూడా పెట్టారా?"

"ఎవరు చెప్పారు నీకు? మేం ఆమెకి మొక్కం. మా చర్చిలో ఆమె బొమ్మ కూడా లేదు. క్రిస్మస్ పాకలోకి డిసెంబరులో వచ్చుద్ది, జనవరికి వెళ్ళిపోద్ది."

పిన్ని నోరు తెరుచుకుని నన్ను చూసింది. "అట్టాంటి తల్లిని ఏడాదికి ఒక్క నెలేనా మీరు తలుచుకునేది?" అంది. నిజంగా బాధపడే అంది.

"ఆపుతారా మీరిద్దరూ!" అని గోడ దగ్గర్నుంచి సన్నగా కేక. ఇద్దరం ఆగిపోయాం. ఆ పిల్ల అత్తనే చూస్తోంది. "అత్తమ్మా, నిజంగా తాగమన్నాడా?"

పిన్ని కోడలి తలమీద చెయ్యి పెట్టింది. "నా కొడుకు మీదొట్టు. తినమన్నాడు, తాగమన్నాడు. మనుషులతో మాట్టాడకుండా ఉండమన్నాడు. ఆ పూట ఆమెకి అదే ఒక్కపొద్దు. నువ్వూ అట్టాగే ఉండు. నోరు మూసుకుని తాగు."

పిల్ల బాటిలు అందుకుంది. రెండు గుక్కలు తాగి దగ్గింది, మళ్ళీ తాగింది. సాయంత్రానికని గిన్నెలో పెట్టిన ఖర్జూరాలు పిన్ని ఒక్కొక్కటీ గింజ తీసి నోట్లో పెట్టింది. నా పాఠాలన్నీ వల్లించినా ఆ పిల్ల ఒక్క చుక్క తాగేది కాదు. అది నాకప్పుడే అర్థమయింది, అంత ఆపదలోనూ మనసులో ఎక్కడో గుచ్చుకుంది కూడా.

నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. వీధి చివర ఆటో పిలిచాం. ఆసుపత్రికి నలభై నిమిషాలు. పిల్లను ఎడమ పక్కకి తిప్పి పిన్ని ఒళ్ళో పడుకోబెట్టి, దారంతా దాని కడుపు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను. మిర్చి టిక్కీల బస్తాలతో ట్రాక్టర్లు ఎదురొచ్చినప్పుడల్లా ఆటో రోడ్డు దిగేది. నేను లోపల్లోపల యేసయ్యా యేసయ్యా అనుకుంటున్నాను. పిన్ని పెదాలు అరబ్బీలో ఏదో చదువుతున్నాయి. ఒకరి ప్రార్థన ఒకరికి వినపడనట్టు ఇద్దరం చెరో పక్కకీ చూస్తూ కూర్చున్నాం. పిల్ల మాత్రం అత్త చెప్పినట్టే ఒక్క మాట మాట్లాడలేదు.

ఆసుపత్రిలో నర్సు కడుపు మీద బిడ్డ గుండె చప్పుడు వినే మిషను పెట్టింది. గరగరమని చప్పుడు. ఇటు జరిపింది. గరగర. అటు జరిపింది. పిన్ని నా మణికట్టు పట్టుకుంది, గాజులు విరిగి గుచ్చుకుంటున్నా వదల్లేదు. నేను చంపేశాను అనుకున్నాను. పిన్ని కాదు, వాళ్ళ దేవుడు కాదు, నేను. ఇక మా గడప దిగి ఎదురింటికేసి ఎలా చూడాలి?

అంతలో చప్పుడు వినిపించింది. గబగబా, పరిగెత్తుతున్నట్టు.

"ఉంది, ఉంది. బాగా ఫాస్టుగా ఉంది. సెలైన్ పెట్టాలి" అంది నర్సు. పిన్ని అక్కడే నేలమీద కూలబడింది. పిల్ల కంట్లోంచి ఇప్పుడు నీళ్ళు కారాయి.

గంట తర్వాత డాక్టరమ్మ వచ్చింది. రెండో సీసా ఎక్కుతోంది. బిడ్డ ఒకసారి తన్నింది కూడా. డాక్టరమ్మ షీటు చూసి మమ్మల్ని చూసింది. "ఎనిమిదో నెలలో నీళ్ళు కూడా తాక్కుండా ఉపవాసమా? ఎవరు ఉండమన్నారు?"

నా మెడలో ఆశా కార్డు వేలాడుతోంది. నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను. ఒట్టు.

"తెలీక మేమే ఉంచామమ్మా" అంది పిన్ని.

"మీవాళ్ళింతే. ఎన్నిసార్లు చెప్పినా మతం, మతం. ప్రాణం కంటే ఎక్కువా మీకు? చదువులుండవు, చెబితే వినరు." పిన్ని తలొంచుకుని నిలబడింది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేం చేస్తున్నావమ్మా? ఇట్లాంటి ఇళ్ళకి రెండుసార్లు ఎక్కువ వెళ్ళాలని తెలీదా?"

"అలాగే మేడం" అన్నాను.

అంతే. ఆ రెండు మాటలే. ఊళ్ళో అందరినీ నిలబెట్టి కడిగే నా నోరు అక్కడ ఆ రెండు మాటలకే సరిపోయింది. ఆమె వెళ్ళాక వరండాలో పిన్నిని పట్టుకుని ఎందుకట్టా చెప్పావని అడిగాను. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వని చెబితే నీ పని పోద్ది. నీ పిల్లలకెవరు పెడతారు? మేం మాటలు పడేవాళ్ళమేలే, మాకు అలవాటే. బిడ్డ దక్కింది, అది చాలు."

నన్ను రెండు తిట్టి ఉంటే బాగుండేది. మీ మతం తగలెయ్య అన్న దాన్ని చెంప పగలగొట్టినా పడేదాన్ని. ఆమె టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. తను తాగలేదు. ఆమె ఒక్కపొద్దు ఇంకా వదల్లేదు, బయట పొద్దు ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ గదికి వెళ్ళాను. పోతే పోనీ ఉద్యోగం అనుకునే వెళ్ళాను. ఉండమన్నది నేనే అని, అత్తగారు వద్దన్నా నా మాట విని ఉందని, వాళ్ళ మతంలో కడుపుతో ఉన్నవాళ్ళు ఉండక్కర్లేదని, అంతా చెప్పాను.

డాక్టరమ్మ ఫోన్ పక్కన పెట్టి, ఎంతో దయగా నవ్వింది. "అయ్యో, వాళ్ళ పద్ధతులు నీకెలా తెలుస్తాయమ్మా? పొరపాటు ఎవరికైనా జరుగుద్ది. ఫీలవకు. ఇక నుంచి జాగ్రత్తగా ఉండు."

తప్పు ఒకటే. నిన్న పిన్ని నెత్తిన ఉన్నంతసేపూ అది మతం. ఇవాళ నా దగ్గరికొచ్చేసరికి పొరపాటయింది. బతికిపోయానని అనిపించింది, నిజం దాచను. ఆ అనిపించినందుకు అసహ్యం కూడా వేసింది. "మేడం, షీటులో వాళ్ళే ఉంచారని రాసి ఉంటే మారుస్తారా?" అని అడిగాను. "అదెవరు చూస్తార్లే" అని మళ్ళీ ఫోన్ తీసుకుంది.

మూడో రోజు ఇంటికి పంపించారు. బిడ్డ కడుపులో బాగా తిరుగుతోంది. తన్నినప్పుడల్లా ఆ పిల్ల నా చెయ్యి లాగి పెట్టుకుని "ఇదిగో అక్కా, ఇదిగో" అంటోంది. గుంటూరు నుంచి తిరిగొచ్చిన పిన్ని కొడుకు ఆటో కోసం బయటికి పోయాడు. నర్సు తెచ్చిచ్చిన కాగితాన్ని పిన్ని రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి, నాకిచ్చింది.

ఇంగ్లీషు నాకు పెద్దగా రాదు గానీ ఈ కాగితాలు చదవడం వచ్చు. మందుల పేర్ల కంటే పైన, మొదటి వరసలోనే ఉంది. మతాచారం పేరుతో కుటుంబసభ్యులు గర్భిణికి ఆహారం, నీళ్ళు నిరాకరించారు అని రాశారు. కింద సంతకం, స్టాంపు. ఇక ఏ ఆసుపత్రికెళ్ళినా, కాన్పుకెళ్ళినా, ముందు చూపించాల్సింది ఈ కాగితమే.

"ఏం రాశారే అమ్మాయ్?" అని అడిగింది పిన్ని.

"మందులు పిన్నీ" అన్నాను.

పిన్ని ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, నలక్కుండా నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.